బోరుకొచ్చిన ఇంజను

తెలుగులో ఇప్పుడు 'బోరు' అనే మాటకు మూడు అర్థాలు స్థిరపడ్డాయి. రైతు "బోరు ఎండిపోయింది" అంటే పొలంలోని గొట్టపు బావి సంగతి. కాలేజీ కుర్రవాడు "బోరు కొడుతోంది" అంటే మా వంటి పంతుళ్ళ ఉపన్యాసాల సంగతి. లారీ డ్రైవరు "బండి బోరుకొచ్చింది" అన్నాడంటే మాత్రం అది అతని ఇంటి సంగతి. పిల్లల ఫీజుల సంగతి, నెల తిరిగేసరికి కట్టవలసిన వాయిదా సంగతి. మొదటి రెండు అర్థాలకూ నిఘంటువులో చోటు దొరకవచ్చు. మూడో అర్థం వంటబట్టాలంటే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట నిలబడాలి.

ఇంగ్లీషువాడికి బోరు అంటే తొలిచిన రంధ్రం, లేదా గొట్టం లోపలి వ్యాసం, అంతే. మన మెకానిక్కులు ఆ పొడి మాటను తీసుకుని దానికి తెలుగు విభక్తి తగిలించి ప్రాణం పోశారు. పంట కోతకొచ్చినట్టు, పిల్ల పెళ్ళికొచ్చినట్టు, ఇంజను బోరుకొచ్చింది. అంటే లోపలి సిలిండర్లు అరిగిపోయి, వాటిని మళ్ళీ తొలిపించడమో లైనర్లు మార్పించడమో తప్పని దశకు వచ్చిందన్నమాట. ఒక్క ముక్కలో ఇంత అర్థం ఇమడ్చడం మా పండితులవల్ల అయ్యేపని కాదు.

ఇంజను ఎందుకు అరుగుతుంది అని అడిగేవారు, పిస్టను పడే పాటు ఎంతో ఒకసారి లెక్కవేసి చూడాలి. టాటా లారీల్లో చిరకాలం పేరు మోసిన ఇంజనుకు '697' అని పేరు. దాని జాతకం ఆ అంకెలోనే వుంది: ఆరు సిలిండర్లు, ఒక్కొక్క సిలిండరు బోరు 97 మిల్లీమీటర్లు. అలాగే లేలాండ్ బండ్లలో '370', '400' అన్న అంకెలు ఇంజను కడుపు ఎన్ని ఘనపుటంగుళాలో చెబుతాయి. సరే, 697 లోపల పిస్టను ఒకసారి పైకి గాని కిందికి గాని కదిలితే 128 మిల్లీమీటర్లు. జానెడైనా లేదు. కాని ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ జానెడు లేని దూరమే గంటకు ముప్ఫయి కిలోమీటర్లవుతుంది. లారీ విజయవాడనుంచి విశాఖపట్నం చేరేలోగా పిస్టను కూడా చీకటి గొట్టంలో కిందికీ మీదికీ రెండువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది. లారీ ఎక్కడికో ఒకచోటికి చేరుతుంది. పిస్టను మాత్రం బయలుదేరినచోటే వుంటుంది.

ఈ పరుగంతా మామూలు గాలిలో కాదు. డీజిలింజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుండదు. సిలిండరులోని గాలిని పదహారు, పదిహేడు వంతుల్లో ఒక వంతుకు కుదించేస్తే, ఆ ఒత్తిడికి పుట్టిన వేడిలో డీజిలు చల్లగానే దానంతటదే భగ్గుమంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన సూత్రం ఇదే. మరి ఆ గాలి పక్కలనుంచి జారిపోకుండా పట్టి వుంచేవి పిస్టను చుట్టూ వున్న రింగులు. ఆ రింగులు ఒరుసుకునే గోడ పావు మిల్లీమీటరు అరిగితే చాలు, గాలి జారిపోతుంది, ఇంజను బలం జారిపోతుంది. పావు మిల్లీమీటరంటే చేతి గోరు మందమైనా కాదు. అంత సన్నని తేడామీద పది టన్నుల బరువు, దాని వెనకాల ఒక కుటుంబం నడుస్తున్నాయి.

అనుభవం వున్న డ్రైవరు ఈ తేడాను కొలబద్దతో కనిపెట్టడు. పొద్దున్నే బండి ఒక పట్టాన అంటుకోదు. ఎత్తు ఎక్కేటప్పుడు నిన్నటిదాకా లాగిన గేరులో ఇవాళ లాగదు. వెనకనుంచి పొగ వస్తుంది. ఆ పొగకు రంగుల భాష వుంది. నల్లగా వస్తే డీజిలు సరిగా కాలడం లేదని, నీలిగా వస్తే డీజిలుతోపాటు ఇంజనాయిలు కూడా కాలిపోతోందని, ఇంజను వేడెక్కిన తర్వాత కూడా తెల్లగా వస్తే లోపలికి నీళ్ళు చేరుతున్నాయేమో చూసుకోమని. ఆయిలు మూత తీస్తే చుట్ట కాల్చేవాడి నోటిలా గుప్పుగుప్పుమని ఆవిరి కొడుతుంది. ఇక్కడికి వచ్చిన తర్వాత ఇంకా నడపడమంటే, కాలుతున్న ఇంటిలో పడుకుని చలి కాచుకోవడమే.

ఇప్పుడు యజమాని ముందు మూడు దారులు వుంటాయి. మొదటిది, కంపెనీనుంచి కొత్త ఇంజను గాని, కంపెనీవారే బాగుచేసి ఇచ్చే ఇంజను గాని తెచ్చుకోవడం. అది రాచబాట. పదేళ్ళు దాటిన బండి వున్న ఒంటి లారీ ఆసామికి ఆ బాటన నడిచే స్తోమత సాధారణంగా వుండదు. రెండోది, వున్న ఇంజనునే దించి బోరు చేయించడం. సిలిండర్లు తొలిపించి లేదా లైనర్లు మార్పించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, క్రాంకు షాఫ్టును సాన పట్టించడం. ఒకసారికి పావు మిల్లీమీటరు చొప్పున తీస్తారు. 0.25, 0.50, 0.75 అంటూ ఆ మేరకు మందం పెరిగిన బేరింగులు దొరుకుతాయి. హెడ్డులో వాల్వులు కూచునే చోట్లు చెక్కించాలి, డీజిలు పంపు, నోజిళ్ళు పరీక్ష చేయించాలి. ఇది మంచి పద్ధతే. కాని లేతు షాపులో వరస, విడిభాగాల కోసం తిరుగుడు, అన్నీ కలిసి వారమనుకున్నది పదిహేను రోజులయినా ఆశ్చర్యం లేదు. క్రాంకులో చీలిక బయటపడిందంటే ఆ లెక్క కూడా వుండదు.

మూడో దారి పాత ఇనుము కొట్టు. మరేదో బండినుంచి దించిన ఇంజను ఒకటి బేరమాడి, మన బండిలో కూచోబెట్టడం. చాలామంది ఆసాములు ఈ దారే పడుతూంటారు. వారిని తెలివితక్కువవారని చదువుకున్నవారు అనుకోవడం కద్దు. అది పొరపాటు. నిలిచిపోయిన లారీకి కూలి రాదు గాని ఖర్చు ఆగదు. బ్యాంకు వాయిదా ఆగదు, మూడు నెలలకొక టాక్సు ఆగదు, ఇన్సూరెన్సు గడువు ఆగదు. రెండు వారాలు కనబడకపోతే ఇన్నాళ్ళూ లోడు ఇచ్చిన మిల్లరు మరో లారీకి అలవాటు పడతాడు. ఆసామి కొంటున్నది చవక ఇనుము కాదు, రోజులు. పది రోజులు మిగిలితే ఆ పది రోజుల బాడుగ మిగిలినట్టే. ఈ లెక్క ఆడిటర్లకు వుందో లేదో గాని ప్రతి డ్రైవరు భార్యకూ వుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక వుంది. మన ఇంజను పాడైందంటే దాని లోపాలు మనకు తెలుసు. ఎక్కడ వేడెక్కిందో, ఎప్పుడు ఆయిలు మార్చడం మానేశామో, ఏ లోడుకు కుంగిందో అన్నీ తెలుసు. కొట్టులోని ఇంజను లోపాలు మనకు తెలియవు. పాత ఇంజను కొనేవాడు ఇనుము కొనడం లేదు. మరొక బండి గడిపిన జీవితాన్ని కొంటున్నాడు. ఆ జీవితం కళ్ళబడేదాకా బేరం ముగిసినట్టు కాదు. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

విజయవాడ ఆటోనగర్ 1966లో వెలిసింది. మద్రాసు, కలకత్తాల మధ్య పోయే బాటా, హైదరాబాదునుంచి బందరు పోయే బాటా కలుసుకునే వూరు కాబట్టి లారీలకు విజయవాడ సహజంగానే పుట్టిల్లయింది. పుట్టిల్లు అయినచోట మంత్రసాని కూడా వుండాలి గదా! వూరికి తూర్పున వెలిసిన ఆ పేటలో బాడీలు కట్టేవారు, కమాను పట్టీలు వేసేవారు, రేడియేటర్లు అతికేవారు, సీట్లు కుట్టేవారు, లేతు షాపులవారు ఎవరి వీధిలో వారు వుంటారు. గుంటూరులో, విశాఖపట్నం గాజువాకలో, హైదరాబాదులో కూడా ఆటోనగర్లు వున్నాయి. మద్రాసులో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి ఇదే బాపతు వ్యాపారానికి దేశమంతటా పేరు పొందినవి. ఏ వూరయినా దృశ్యం ఒకటే. ఒకవైపు తలలు, ఒకవైపు మొండేలు, ఒకవైపు గేరుబాక్సుల గుట్ట, మరోవైపు దుంగల మీద వరసగా కూచోబెట్టిన ఇంజన్లు, వాటిమీద సుద్దముక్కతో రాసిన గుర్తులు.

ఆ ఇంజన్లు అక్కడికి నాలుగు తోవలలో వస్తాయి. ప్రమాదంలో బాడీ, ఛాసిస్ నలిగిపోయి ఇంజను మాత్రం బతికిన బండ్లు మొదటివి. వీటిని మేస్త్రీలు బంగారంగా చూస్తారు. నిన్నటిదాకా పరుగెత్తిన గుండెకాయ అది. వయసు మీరి ముక్కలు చేసిన బండ్లు రెండోవి. సర్కారు శాఖలూ, రవాణా సంస్థలూ వేలం వేసేవి మూడో రకం. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను చెల్లదని కేంద్రం నిర్ణయించడంతో ఈ మూడో తోవ మరికొంత వెడల్పయింది. ఇక నాలుగో తోవ నీళ్ళది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగినప్పుడు వాహనాలెన్ని నీటిలో నానాయో ఆ వూరివారు మరిచిపోలేరు. నీటిలో నానిన ఇంజను తుడిచి రంగు వేస్తే కొత్త పెళ్ళికొడుకులా వుంటుంది. లోపల సంగతి వేరు. నీరు గాలిలా కుదించుకుపోయే పదార్థం కాదు. సిలిండరులో నీళ్ళు వుండగా ఎవరైనా తొందరపడి స్టార్టరు కొట్టివుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ వంకర బయటికి కనబడదు.

నాకు తెలిసిన ఒక సొంత లారీ ఆసామి వున్నాడు. తనే యజమాని, తనే డ్రైవరు. కృష్ణా డెల్టాలో ధాన్యం, తిరుగు బేరంలో ఎరువులు తోలుకుంటాడు. సరిగ్గా కోతల ముందు అతని బండి బోరుకొచ్చింది. ఏడాదిలో నాలుగు రాళ్ళు కూడబెట్టుకునే రోజులవి. ఆ ఫలం చేజారితే మళ్ళీ పంట చేతికొచ్చేదాకా అప్పుతో కాలక్షేపం. అతను తన పాత మేస్త్రిని వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళాడు. కొట్టులో తనకు పనికొచ్చే ఇంజన్లు రెండు వున్నాయి. ఒకటి ఆకుపచ్చ రంగు కొట్టి మెరుస్తున్నది. రెండోది జిడ్డు, మట్టి పేరుకుని గేదె వీపులా వుంది.

"బాబాయ్, ఆ మొదటిది బాగున్నట్టుంది. ధర కూడా మరీ తేడా లేదు" అన్నాడు ఆసామి.

"రంగు నిన్నటిదిరా అబ్బాయ్. ఇంజను ఎప్పటిదో రంగు చెప్పదు" అన్నాడు మేస్త్రి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మనవాళ్ళు ఇంజన్లు పుట్టకముందే చెప్పి పెట్టారు. మేస్త్రి కొట్టు యజమానివైపు తిరిగి, "అన్నా, సంపు విప్పి చూస్తాం" అన్నాడు.

"విప్పితే తీసుకోవాలి మరి" అన్నాడు యజమాని.

"విప్పకుండా వున్నంతసేపూ మీ సరుకు. విప్పి చూపించారో, అప్పుడు అది మా సరుకవుతుందో లేదో చెబుతాం."

కొట్టు యజమాని కాసేపు ఆలోచించి సరేనన్నాడు. సంపు అంటే ఇంజను అడుగున ఆయిలు నిలవుండే తొట్టి. ఇంజను బతుకంతా చివరికి అక్కడ మడ్డిగా దిగుతుంది. ఆకుపచ్చ ఇంజను సంపు దించగానే మూలల్లో గోధుమరంగు వండ్రు అంటుకుని వుంది. హెడ్డు తీసి చూస్తే రెండు సిలిండర్ల గోడలకు, చెంబులో నీళ్ళు నిలిచి ఎండిన గుర్తులా, తుప్పు వలయాలు వున్నాయి. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కొట్టు యజమానే ముందుగా అన్నాడు: "నేనూ లాటు మీద వేలంలో కొన్నాను బాబూ. ఏ బండి ఏ నీళ్ళలో వున్నదో నాకు మాత్రం ఎవరు చెప్పారు?" ఆ మాట అబద్ధమని నేననుకోను. ఈ వ్యాపారంలో మోసం కన్న తెలియనితనమే ఎక్కువ. ఒకరి తెలియనితనాన్ని ఇంకొకరు డబ్బిచ్చి కొనుక్కోవడమే ఇందులో పెద్ద ప్రమాదం.

జిడ్డు ఇంజను వంతు వచ్చింది. మేస్త్రి దాని కూపీ తీసిన పద్ధతి మన పరీక్షాధికారులు చూసి నేర్చుకోవలసింది. మొదట బ్లాకుమీద చెక్కిన నంబరు చుట్టూ గుడ్డతో తుడిచాడు. అంకెలు అరగకుండా, ఆకురాయి పెట్టిన గీతలు లేకుండా స్పష్టంగా వున్నాయి. ఆయిలు నల్లగా వుంది గాని మజ్జిగలా విరగలేదు. విరిగితే నీళ్ళు కలిసినట్టు లెక్క. కాస్త ఆయిలు వేలిమీద తీసుకుని ఎండలో చూశాడు. ఇనుప రజను మెరిస్తే లోపల ఏదో ఒరుసుకుంటున్నదన్నమాట. ఆ మెరుపు లేదు. ఫ్లైవీలుకు కడ్డీ తగిలించి చేత్తో తిప్పించాడు. ఎక్కడా పట్టేయకుండా, ప్రతి సిలిండరు దగ్గరా గాలి బిగువు తెలుస్తూ తిరిగింది. ఒక బేరింగు టోపీ విప్పి క్రాంకు మీద గోరు నడిపి చూశాడు. క్రాంకుకూ బేరింగుకూ మధ్య వుండవలసిన ఖాళీ తల వెంట్రుక మందం. అంతకు మించితే ఆయిలు ఒత్తిడి నిలవదు. చివరికి ఇంజనుతోపాటు వచ్చిన కాగితాలు అడిగాడు. వెనకనుంచి మరో బండి గుద్ది, ఛాసిస్ వంగి మూలపడిన లారీది ఆ ఇంజను. నంబరు కాగితంలోదే.

"ఇది తీసుకో. కాని ఇలాగే ఎక్కించను" అన్నాడు మేస్త్రి. ఈ మాటలోనే విద్యంతా వుంది. కొట్టు ఇంజనును తయారైన ఇంజనుగా కాక, మంచి బ్లాకు, మంచి క్రాంకు దొరికిన ముడిసరుకుగా చూడాలి. బేరింగులు, రింగులు, గ్యాస్కెట్లు, వెనక ఆయిలు సీలు, నీళ్ళ పంపు నేలమీద వుండగానే మార్చేయాలి. ఎక్కించిన తర్వాత ఆ పదిరూపాయల సీలు కారిందంటే దానికోసం మళ్ళీ అర టన్ను ఇనుము కదిలించాలి. అతని పాత ఇంజనుమీద డీజిలు పంపు, స్టార్టరు ఇంకా గట్టిగానే వున్నాయి. వాటిని వుంచుకుని, మిగిలిన అరిగిన దేహాన్ని అదే కొట్టుకు తూకానికి ఇచ్చేశాడు. ఆ మేరకు బేరం తగ్గింది.

ఇంజను దించడం, ఎక్కించడం చూడటానికి మొరటు పనిలా వుంటుంది గాని, అందులో ప్రతిదానికీ వరస వుంది. ముందు నీళ్ళు, ఆయిలు వదిలేస్తారు. బ్యాటరీ వైర్లు తీసేస్తారు. రేడియేటరు తొలగించి, డీజిలు గొట్టాలు, పొగ గొట్టం, యాక్సిలరేటరు కడ్డీలు విడదీస్తారు. గేరుబాక్సు బోల్టులు విప్పి వెనక్కు జరుపుతారు. ఆపైన చైను పుల్లీ తగిలించి, ఒకడు గొలుసు లాగుతూంటే ఇద్దరు ఇంజనును పసిబిడ్డను తొట్టినుంచి తీసినట్టు ఊగకుండా బయటికి తెస్తారు. ఎక్కించేటప్పుడు క్లచ్చి ప్లేటు నడిమి రంధ్రం గేరుబాక్సు షాఫ్టుకు సూటిగా రావాలి. అందుకోసం పాత షాఫ్టు ముక్క ఒకటి దూర్చి సరిచూసి, ఆ తర్వాతనే బోల్టులు బిగిస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఒకే పేరున్న ఇంజను బస్సుకూ, లారీకీ వచ్చినా సంపు ఆకారం, మౌంటింగులు, ఫ్లైవీలు సైజు వేరుగా వుండవచ్చు. కొట్టులోనే టేపు పెట్టి కొలుచుకోనివాడు షెడ్డులో గ్యాసు వెల్డింగుకు డబ్బు పోస్తాడు.

అన్నీ బిగించిన తర్వాత కూడా ఇంజను వెంటనే అంటుకోదు. డీజిలు గొట్టాల్లో గాలి చిక్కుకుని వుంటుంది. ఫిల్టరు దగ్గర మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ, నురగ పోయి తేట డీజిలు వచ్చేదాకా ఆగాలి. దీన్నే 'ఎయిరు తీయడం' అంటారు. ఇంజను అంటుకున్నాక నలుగురూ పొగ వంక చూస్తూంటే మేస్త్రి మాత్రం ఆయిలు ఒత్తిడి ముల్లు వంక చూశాడు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి తీసుకుని, మొన బ్లాకుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. డాక్టరు స్టెతస్కోపుకు ఇది పెద్దన్న. లోపల బేరింగు కొట్టుకుంటే ఆ చప్పుడు కడ్డీ వెంట చెవికి వస్తుంది. ఆ సాయంత్రం చప్పుడు రాలేదు. ఆరో రోజున బండి ఖాళీగా రోడ్డెక్కింది. మొదటి వారం తేలిక లోడు, ఆ వారం చివర ఆయిలు మార్పు, ఆ తర్వాత ధాన్యం. కోతలు అతని చేజారలేదు.

పని ఇంతటితో అయిపోయిందని అనుకునేవారే ఎక్కువ. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇంజనుకు ఒక నంబరు వుంది, ఆ నంబరు రిజిస్ట్రేషను కాగితంలో వుంది. ఇంజను మారితే కాగితం కూడా మారాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఈ సంగతే చెబుతుంది. రిజిస్ట్రేషను అధికారి ఆమోదంతో మార్పు చేయాలి, చేసిన 14 రోజులలోగా తెలియజేసి కాగితంలో ఎక్కించుకోవాలి. పది, అంతకుమించి రవాణా బండ్లు వున్న ఆసామికి, అదే తయారీ, అదే రకం ఇంజను వేసుకునేటప్పుడు ముందు ఆమోదం అక్కర్లేకుండా రాష్ట్ర ప్రభుత్వం వీలు కల్పించవచ్చునని కూడా అందులో వుంది. ఒంటి లారీ ఆసామికి ఆ వీలు లేదు. బండి అప్పుమీద వుంటే అప్పిచ్చినవారి రాతపూర్వకమైన సమ్మతి కూడా కావాలి. ఇదంతా ఎందుకని కొందరు వదిలేస్తారు. రేపు దారిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువారు ముందు చూసేది ఆ నంబరే. ఇంజను దొంగసొత్తని తేలితే మరీ చిక్కు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను, దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం వుండి గాని తీసుకున్నవాడిని శిక్షిస్తుంది. నంబరు చుట్టూ ఆకురాయి గీతలు వుండగా "నాకు తెలియదండీ" అంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. అందుకే మేస్త్రి మొట్టమొదట గుడ్డతో నంబరు తుడిచాడు.

ఇంకొక సంగతి కూడా న్యాయంగా చెప్పుకోవాలి. బోరుకొచ్చిన ఇంజనుతో తిరిగే లారీ పొగ ఆసామి ఒక్కడి సొత్తు కాదు. వెనక స్కూటరు మీద వచ్చేవాడి ఊపిరితిత్తులకు కూడా అందులో వాటా వుంది. కాబట్టి అరిగిన ఇంజనును మార్చడం ఆసామికే కాదు, వూరికి కూడా మేలు. అయితే ఆ మార్చింది అంతకన్న పాతకాలపు ఇంజనైతే వూరికి మేలు జరిగినట్టు కాదు. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు భారత్ స్టేజి నాలుగు, అయిదో మెట్టు దాటేసి 2020 ఏప్రిల్ 1 నుంచి ఆరు అమలులోకి వచ్చాయి. ఆరో స్టేజి ఇంజను ఒంటరిది కాదు. దానికొక కంప్యూటరు, ఒళ్ళంతా సెన్సర్లు, పొగ శుభ్రం చేసే డబ్బాలు, యూరియా ద్రావణం తొట్టి, ఇంత సంసారం వుంటుంది. ఆ సంసారం లేకుండా ఇంజను ఒక్కటీ తెచ్చి కూచోబెడితే అది ఉత్త ఇనుము. కొన్నేళ్ళకు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకునే మేస్త్రి పక్కన, చిన్న కంప్యూటరు తగిలించి లోపాల పట్టిక చదివే కుర్రవాడు కూడా నిలబడక తప్పదు. ఆటోనగర్‌లో అటువంటి కుర్రవాళ్ళు ఇప్పటికే కనిపిస్తున్నారు. చెవి వున్నవాడూ, చదువు వున్నవాడూ ఒకరినొకరు ఎగతాళి చేసుకోకుండా పని చేస్తే ఆ పేటకు మరో అరవై ఏళ్ళు ఢోకా లేదు.

పాత వస్తువును చూసి ముక్కు చిట్లించడం మనలో ఈమధ్య నాగరికత కింద చెలామణి అవుతోంది. తుక్కు అని మనం పారేసిన దానిలో ఎంత ప్రాణం మిగిలివుందో తెలిసినవాళ్ళు దేశంలో ఇంకా వున్నారు. వారివల్లనే ఎన్నో ఒంటి లారీల ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది. కాని ఆ ప్రాణం ఎంత మిగిలివుందో చూసి కొనాలి, చూపించి అమ్మాలి. కొట్టువారు ప్రతి ఇంజనుకూ అది ఏ బండినుంచి దిగింది, ఎందుకు దిగింది, ఏ తేదీన దిగింది అనే మూడు ముక్కలు ఒక రేకుమీద రాసి తగిలిస్తే వారి సరుకు విలువ పెరుగుతుందే గాని తగ్గదు. నీళ్ళలో నానిన ఇంజనుకు ఆ ముక్క కూడా రాసి, దాని ధరకే అమ్మవచ్చు. విడిభాగాలకైనా కొనేవాడు వుంటాడు. రంగు డబ్బాకు పెట్టే ఖర్చుకన్న ఆ రేకుముక్క చవక. ఇక కొనేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే: తెలిసిన మేస్త్రిని వెంట తీసుకువెళ్ళండి, సంపు విప్పనివ్వని కొట్టు ముందు నిలబడకండి, ఇంజను ఎక్కిన మర్నాడే కాగితాలు పట్టుకుని రవాణా ఆఫీసుకు నడవండి.